2017 నాటి గేమింగ్ కంప్యూటర్‌లో ముందు ఏది మార్చాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఉండేది కూకట్‌పల్లిలో. 2017లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్: ఐ5-7400 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, 3 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, ఊరూపేరూ లేని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా), 60 హెర్ట్జ్ 1080పీ మానిటర్. ఆటల్లో వాలరెంట్ బాగానే నడుస్తోంది, సైబర్‌పంక్ 2077 మాత్రం నత్తనడక. చేతిలో 30 వేలు ఉన్నాయి. ప్రాసెసర్ మార్చాలా, కార్డు మార్చాలా, అంతా అమ్మేసి కొత్తది కొనాలా?

నా దగ్గర ఇంచుమించు ఇదే జాతకం ఉన్న యంత్రం ఉండేది, కార్డు ఒక్కటే 6 జీబీది. దాన్ని ఒక్కసారిగా మార్చే స్తోమత లేక కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు అందులో మొదటి రోజు నుంచి మిగిలింది క్యాబినెట్ మాత్రమే. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ బోర్డు ఇక ఎటూ ఎదగదు. రేపు ఇంకో బోర్డు కొన్నప్పుడు దాని మీదకు మార్చుకోగలిగిన వస్తువులకే ఈ 30 వేలు ఖర్చు పెట్టండి.

ఎందుకు ఎదగదంటే, మీ బోర్డులో పట్టే ప్రాసెసర్లలో అన్నిటికన్నా పెద్దవి ఐ7-7700 రకాలే. మీది ఏడో తరం. ఎనిమిదో తరం ఐ5, ఐ7లకు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) చూడటానికి ఒకేలా ఉంటుంది, పేరు కూడా 1151యే. కానీ అవి 300 శ్రేణి చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్పు) ఉన్న బోర్డుల్లోనే పనిచేస్తాయి. ఎవరైనా ‘సాకెట్ ఒకటే కదా, పట్టేస్తుంది’ అని అమ్మజూపితే కొనకండి. పోనీ సెకండ్ హ్యాండ్‌లో ఐ7-7700 తీసుకుందామా అంటే, మీలాంటి బోర్డులున్న వాళ్ళందరికీ అదే ఆఖరి మజిలీ కాబట్టి దాని ధర వయసుకు తగ్గట్టు దిగదు. కోర్లు (లెక్కలు చేసే భాగాలు) నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) మాత్రం ఎనిమిది. కొంత తేడా కనిపిస్తుంది, కాదనను. కానీ ఆ డబ్బు ఆ బోర్డుతోనే పోతుంది. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. ఐ7-7700 పెట్టినా ఆ గుమ్మం దాటలేరు.

దుకాణానికి వెళ్ళే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. అసలు అడ్డం పడుతున్నది ఏదో కొలిచి చూడండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది. ఆట నడుస్తుండగానే తెర మూలన కార్డు వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో కోరు వాడకం, ఉష్ణోగ్రతలు, వీడియో మెమరీ చూపిస్తుంది. కార్డు 97, 98 శాతం దగ్గర నిలబడి ఉంటే అడ్డం కార్డే. కార్డు 60 దగ్గర ఊగుతూ, కోర్లన్నీ నూటికి నూరు కొడుతుంటే ప్రాసెసర్. అనుమానం తీరకపోతే రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు (తెర మీద సెకనుకు మారే బొమ్మలు) అమాంతం పెరిగితే కార్డు తప్పు, కదలకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్ తప్పు.

కొలిచేటప్పుడు ప్రాసెసర్ ఉష్ణోగ్రత 90 దాటుతోందా? అయితే ముందు దుమ్ము దులపండి. మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందే, మే నెలలో గదిలోని గాలే వేడిగా ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే గుండ్రటి కూలర్‌ను పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. దుమ్మంతా ఫ్యానుకూ దాని కింది అల్యూమినియం రెక్కలకూ మధ్య పేరుకుంటుంది. నేను విప్పినప్పుడు అక్కడ బూడిద రంగు కంబళి ముక్క పరిచినట్టుంది, వేలితో లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటి మీదున్న బాణం గుర్తు చూపిన వైపు పావు వంతు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద ఎండి పెళుసుబారిన పాత పేస్టును (వేడిని కూలర్‌కు చేరవేసేది అదే) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు పిన్నులను ఎదురెదురు మూలల్లో జంటగా నొక్కాలి, నాలుగూ టిక్కుమనాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా కూలర్ ఒక పక్కకు లేచి, వేడి ముందుకన్నా ఎక్కువవుతుంది. ఈ ఒక్క పనితో నా ప్రాసెసర్ 95 నుంచి 70లలోకి దిగింది. పేస్టు ఖర్చు ఒక బిర్యానీ పొట్లం కన్నా తక్కువే.

ఇక కొనుగోళ్ళు. మొదటిది ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే వేగమైన డిస్కు), ఇందులో వాదనే లేదు. సైబర్‌పంక్‌కు ఇప్పుడు కనీస అర్హతల్లోనే ఎస్ఎస్‌డీ అడుగుతున్నారు. కారు తోలుతుంటే రోడ్డు, మనుషులు ఆలస్యంగా ప్రత్యక్షం కావడం చాలావరకు హార్డ్ డిస్కు పాపమే. మీ బోర్డులో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డు మీద గుచ్చే చోటు) ఉందో లేదో చూసుకోండి, బీ250 బోర్డుల్లో చాలావాటికి ఉంటుంది. ఉంటే ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి, లేకపోతే సాటా రకమైనా సరే. మొదటిది సెకనుకు 3,000 ఎంబీ దాటుతుంది, రెండోది 550 దగ్గర ఆగుతుంది, కానీ ఆటలు తెరుచుకోవడంలో ఆ రెండింటి మధ్య తేడా మీకు పెద్దగా తెలియదు. హార్డ్ డిస్కుకూ వీటికీ మధ్య తేడా మాత్రం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. పాత డిస్కును సినిమాలకు, ఫొటోలకు ఉంచుకోండి.

రెండోది ఎస్ఎంపీఎస్. దీని గురించి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. ఆటలో ఒక్క ఫ్రేము కూడా పెంచని వస్తువు మీద నాలుగు వేలో ఐదు వేలో పెట్టాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఎనిమిదేళ్ళుగా మన వేసవులు, మన కరెంటు చూసిన పేరులేని డబ్బాకు కొత్త కార్డు తగిలించడం నాకు నచ్చదు. లోపలి కెపాసిటర్లు ఏళ్ళ తరబడి వేడికి బలహీనపడతాయి. అది పోతే పోయింది, పోతూ పోతూ బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతేనే కష్టం. పేరున్న కంపెనీది 550 వాట్లు చాలు. డబ్బా మీద ‘80 ప్లస్’ ముద్ర చూసి మురిసిపోకండి, అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే లెక్క, లోపలి రక్షణ గురించి హామీ కాదు. ఐదేళ్ళు, అంతకు మించి వారంటీ ఇస్తున్న మోడల్ తీసుకోండి. తన సరుకు మీద తయారీదారుకు ఎంత నమ్మకముందో అక్కడే తెలుస్తుంది.

ర్యామ్ ఇంకో 8 జీబీ తప్పదు. 12 జీబీ అన్నది సైబర్‌పంక్‌కు కనీసం, పైగా రెండు స్టిక్కులుంటే డ్యూయల్ చానెల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా నడవడం) వల్ల మీ ప్రాసెసర్‌కు కొంత ఊపిరి ఆడుతుంది. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. చిప్పుల కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్ళడమే కారణం. అందుకే దీన్ని మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వెతకమంటాను. ర్యామ్ అంత తేలిగ్గా పాడయ్యే వస్తువు కాదు, మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ ఒక రాత్రి నడిపితే మంచీ చెడూ తేలిపోతుంది.

కార్డు విషయానికొస్తే, సైబర్‌పంక్ కనీసంగా చెప్పేదే 6 జీబీ 1060. మీది 3 జీబీ. కాబట్టి కొలవకుండానే చెప్పవచ్చు, మెమరీ నిండిపోతోంది. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి కొన్ని కొత్త ఆటలకైతే రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కకట్టే పద్ధతి) హార్డ్‌వేరే తప్పనిసరి, 1060 మీద అవి నడవవు. మీకు నేను చెప్పేది 8 జీబీ ఆర్ఎక్స్ 6600. 132 వాట్లు తీసుకుంటుంది, ఒక్క 8 పిన్నుల తీగ చాలు, మీ 60 హెర్ట్జ్ 1080పీ మానిటర్‌కు సరిపోయి ఇంకా మిగులుతుంది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం మంచి ధరకు వస్తే అదీ సరే. తక్కువ ధర చూసి ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం తీసుకోకండి. దానికి పీసీఐఈ దారులు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచేవి) నాలుగే, మీ పాత బోర్డులో వాటి వేగం సగానికి పడిపోతుంది.

కార్డు మార్చగానే అన్నీ చక్కబడతాయని చెప్పను. నేను మార్చినప్పుడు సగటు ఫ్రేములు బాగా పెరిగాయి, కానీ ఆటలో సంత వీధులకు వెళ్ళేసరికి తడబాటు అలాగే ఉంది. జనం గుంపుగా కనిపిస్తే నాలుగు కోర్లూ చేతులెత్తేసేవి. అది ముందే తెలుసు కాబట్టి సెట్టింగుల్లో క్రౌడ్ డెన్సిటీ (కనిపించే జనం సంఖ్య) తగ్గించి, ఫ్రేములను 45 దగ్గర కట్టేసి కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. 45 దగ్గర నిలకడగా ఉండటం, 70కీ 25కీ మధ్య గెంతడం కన్నా కంటికి ఎంతో హాయి.

చేతికి మళ్ళీ డబ్బు వచ్చాక బోర్డు, ప్రాసెసర్ కలిపి మార్చండి. నా ఓటు ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600కు, బీ550 బోర్డుతో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కూలర్ పెట్టెలోనే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది డీడీఆర్4 రకం ర్యామ్‌తోనే నడుస్తుంది, మీ ర్యామ్ అక్కరకొస్తుంది. ఏఎండీవే ఏఎం5 సాకెట్ బోర్డులు కొత్తవి, భవిష్యత్తు వాటిదే, నిజమే. కానీ వాటికి డీడీఆర్5 కావాలి, ప్రస్తుత ధరల్లో ఆ మాట ఎత్తడానికే భయమేస్తుంది.

30 వేలలో కార్డు, ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ, ర్యామ్ ఇరుకవుతాయి. అప్పుడు ఎస్ఎస్‌డీని 1 టీబీ నుంచి 500 జీబీకి తగ్గించండి, లేదా కార్డును సెకండ్ హ్యాండ్‌లో చూడండి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం కోత పెట్టకండి.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళండి. అందరూ సీటీసీ అంటారు. మీకు మెట్రోలో సుళువు, అమీర్‌పేటలో రైలు మారి ప్యారడైజ్‌లో దిగితే నడిచి వెళ్ళవచ్చు. ఒకే అంతస్తులో నాలుగైదు దుకాణాల్లో కాగితం మీద ధరలు రాయించుకోండి, ఆన్‌లైన్ ధర ఫోనులో తెరిచి ఉంచండి. బేరం చివర్లో ‘బిల్లుతోనా, బిల్లు లేకుండానా?’ అన్న ప్రశ్న వస్తుంది. జీఎస్టీ 18 శాతం మిగులుతుందని ఆశ కలగడం సహజం. అయినా సీరియల్ నంబరు రాసిన బిల్లే అడగండి, వారంటీకి వెళ్ళినప్పుడు మొదట చూసేది దాన్నే. సెకండ్ హ్యాండ్ కార్డయితే మీ ముందే పావుగంట ఏదైనా బరువైన ఆట నడిపించి, కార్డు అసలు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూడండి. ఉదాహరణకు ఆర్ఎక్స్ 580 పేరుతో 2048ఎస్‌పీ అనే రకం తిరుగుతుంటుంది, అది నిజానికి 570కి సమానం.

యూపీఎస్ ఉంటే దాని వాట్లు ఒకసారి చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. మీ కొత్త అమరికకు మానిటర్‌తో కలిపి అది సరిపోతుంది, మరీ ఎక్కువ మిగలదు.

పాత 1060ని వచ్చిన ధరకు అమ్మేయాలని తొందరపడకండి. 3 జీబీ కార్డుకు ఇప్పుడు ఎవరూ చెప్పుకోదగ్గ ధర ఇవ్వరు. రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కాబట్టి కొత్త కార్డు ఎప్పుడైనా వారంటీకి వెళితే అది తిరిగి వచ్చేదాకా తెర వెలిగించేది ఈ పాతదే.