జర్మనీలో డిసెంబరు: బూటు పెట్టేది 5 రాత్రి

"ఆగస్టులో జర్మనీ వచ్చాం. ఐదేళ్ళ పాప కిటాకి, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్తోంది. నికొలౌస్‌కి బూటు పెట్టాలని చీటీ పంపారు. క్రిస్మస్ 25న కదా, ఈ బూటేంటి? మా ఇంట్లో క్రిస్మస్ చేసుకోం. పాపకి ఏం చెప్పాలి?" నవంబరు వచ్చిందంటే కొత్తగా వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇదే సందేహం.

ముందు తేదీ సంగతి. నికొలౌస్, అంటే సెయింట్ నికొలస్, రోజు డిసెంబరు 6. ఇంట్లో గుమ్మం దగ్గర బూటు పెట్టేది మాత్రం 5 రాత్రి, పిల్లలు పడుకునే ముందు. 6 సాయంత్రం పెడదాంలే అనుకుంటే, ఆ పొద్దున కిటాలో అందరూ తమ బూటులో ఏమొచ్చిందో చెప్పుకుంటుంటే మన పిల్ల దిక్కులు చూస్తుంది. ఒక్క బూటు చాలు, అదీ శుభ్రంగా తుడిచి. మురికి బూటులో నికొలౌస్ ఏమీ వెయ్యడంటారు. వారం రోజుల బురద ఆ ఒక్క సాయంత్రంతో వదులుతుంది! లోపల రెండు కమలాలు, గుప్పెడు వాల్‌నట్లు, రేకు చుట్టిన చాక్లెట్ నికొలౌస్, ఒక చిన్న పుస్తకమో బొమ్మో. అంతకు మించి వద్దు, పెద్ద బహుమతి 24కి. అన్నీ కాగితం సంచిలో వేసి బూటులోకి దింపండి. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి, తెల్లారేసరికి చాక్లెట్ నీరుకారిపోతుంది.

బూటు ఎందుకో చెప్పే కథ మన పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. నికొలౌస్ 4వ శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో బిషప్పు. ఆ ఊరు ఇప్పుడు టర్కీలో ఉంది, పేరు డెమ్రె. ఒక పేద తండ్రికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇచ్చుకోలేక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఒక రాత్రి కిటికీలోంచి బంగారం మూట వచ్చి పడింది, పెద్దదాని పెళ్ళయింది. మరో రాత్రి ఇంకో మూట, రెండోదాని పెళ్ళి. మూడోసారి తండ్రి నిద్ర మానుకుని కాపు కాశాడు. మూట పడగానే పరుగెత్తి పట్టుకుంటే నికొలౌస్! "నేను బతికున్నంతకాలం ఎవరికీ చెప్పకు" అన్నాడట. మూడోసారి కిటికీ మూసి ఉంటే పొగగూట్లోంచి వేశాడనీ, ఆరేసిన మేజోళ్ళలో పడిందనీ ఇంకో రకంగానూ చెబుతారు. మేజోడు, బూటు అక్కణ్ణుంచి వచ్చినవే. చెబుతుంటే "కట్నం అంటే ఏంటి?" అని పాప అడుగుతుంది, జవాబు సిద్ధం చేసుకోండి.

ఈయన మనం సినిమాల్లో చూసే ఎర్ర కోటు తాత కాదు. తలమీద పొడుగాటి బిషప్ టోపీ, చేతిలో వంకీ కర్ర ఉంటాయి. 24న వచ్చేవాళ్ళు వేరే: ఉత్తర, తూర్పు జర్మనీలో వైనాఖ్ట్స్‌మన్ అనే తాత, దక్షిణాన, పడమటి ప్రాంతాల్లో క్రిస్ట్‌కిండ్ అనే బాల దేవత. మీ ఊళ్ళో ఎవరొస్తారో కిటా టీచర్ని అడిగి అదే పేరు ఇంట్లోనూ వాడండి. బవేరియా, ఆస్ట్రియాల్లో నికొలౌస్ వెంట క్రాంపుస్ అనే కొమ్ముల దెయ్యం కూడా వస్తాడు. ఆ వేషాల ఊరేగింపు పెద్దవాళ్ళకి సరదా. ఐదేళ్ళలోపు పిల్లల్ని ముందు వరసలో నిలబెడితే మాత్రం నాలుగు రాత్రులు నిద్ర ఉండదు, వాళ్ళకీ మీకూ.

ఇక ఆడ్వెంట్. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. ఫర్ చెట్టు కొమ్మల దండలో నాలుగు కొవ్వొత్తులు, వారానికొకటి కొత్తగా వెలిగించాలి. ఇది మొదలైంది హాంబుర్గ్‌లో. 1839లో యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అనే పాస్టరు నడిపే అనాథ పిల్లల ఇంట్లో, పండగ ఎప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, ఆయన ఒక పాత బండి చక్రం తీసుకుని మామూలు రోజులకి చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్లవి పెట్టాడు. ఇప్పుడు ఇళ్ళలో ఆ నాలుగే మిగిలాయి. మొదటి వారంది చివరికి అందరికంటే పొట్టిగా, నాలుగోది నిండుగా, మెట్లలా దిగాలి. నాలుగూ సమానంగా ఉంటే ఎవరో తప్పు వెలిగించినట్టే. మూడో వారానికి కొమ్మలు ఎండి గలగలమంటాయి, మొదటి కొవ్వొత్తి మంట వాటిని అందుకునే ఎత్తుకి దిగి ఉంటుంది. వెలిగించి వంటింట్లోకి వెళ్ళకండి.

ఆడ్వెంట్ క్యాలెండర్ అంటే డిసెంబరులో రోజుకో అర తెరిచి అందులోని మిఠాయో బొమ్మో తీసుకునేది. కొన్నా కుట్టినా 24 అరలే, 1 నుంచి 24 దాకా. ఇద్దరు పిల్లలుంటే ఒకటే కట్టి సరి రోజులు ఒకరికి, బేసి రోజులు ఇంకొకరికి ఇస్తే గొడవ సగం తగ్గుతుంది. 24 ఎవరిదో మొదటి రోజే తేల్చండి. శాకాహారులైతే లేబుల్ చదవాలి: గమ్మీల్లో జెలటిన్, అది ఎక్కువగా పందిది. గుడ్డుకి జర్మన్ మాట 'ఐ' (Ei). ష్టోలెన్ కేకులో ఎండుద్రాక్షని రమ్ములో నానబెట్టి ఉండొచ్చు. క్రిస్మస్ మార్కెట్లో పిల్లలకి మద్యం లేని కిండర్‌పున్ష్ అని అడగండి, గ్లూవైన్ అంటే వేడి వైను.

ఇంట్లో చెయ్యదలిస్తే గుడ్డు లేని బిస్కెట్ల కొలత సులువు: 100 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల 405 నంబరు మైదా, చిటికెడు ఉప్పు. కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 4 మిల్లీమీటర్ల మందాన వత్తి, అచ్చులతో కోసి, 180 డిగ్రీల్లో 10 నిమిషాలు. అంచు బంగారు రంగుకి తిరగ్గానే తీసెయ్యాలి. వేడిమీద మెత్తగా ఉందని మళ్ళీ లోపల పెడితే ఆరాక రాయి. పిండి చేతికి అంటుకుంటుంటే మైదా పొయ్యకండి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. నక్షత్రాలు పెనంమీద అట్టల్లా పరుచుకున్నాయంటే వెన్న వేడెక్కిందని అర్థం.

24న షాపులు మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు, తర్వాత 25, 26 సెలవు. పాలు, పెరుగు, డైపర్లు 23నే తెచ్చుకోండి. ఇక్కడ బహుమతులు విప్పేది 24 సాయంత్రం, 25 పొద్దున కాదు.

పిల్లలు వైనాఖ్ట్స్‌మన్ తాతకి ఉత్తరం రాయాలంటే బ్రాండెన్‌బుర్గ్‌లోని హిమ్మెల్‌ప్‌ఫోర్ట్ అనే ఊరికి రాయొచ్చు. ఆ పేరుకి అర్థం స్వర్గద్వారం. చిరునామా: అన్ డేన్ వైనాఖ్ట్స్‌మన్, వైనాఖ్ట్స్‌పోస్ట్‌ఫిలియాలె, 16798 హిమ్మెల్‌ప్‌ఫోర్ట్. కవరు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి: An den Weihnachtsmann, Weihnachtspostfiliale, 16798 Himmelpfort. ఉత్తరంలో మీ చిరునామా లేకపోతే జవాబు రాదు. డిసెంబరు మొదటి వారంలోనే వేసెయ్యండి.

పాప క్లాసులో ఉక్రెయిన్ పిల్లలుంటే సాలెపురుగు కథ అడగమనండి. పేద విధవరాలి గుడిసెలో పైన్ కాయ మొలిచి చెట్టయింది, అలంకరించడానికి డబ్బుల్లేవు, రాత్రికి రాత్రి సాలెపురుగులు గూళ్ళల్లాయి, పొద్దుటి ఎండకి అవి వెండి, బంగారం అయ్యాయి. అందుకే వాళ్ళ చెట్టుకి బొమ్మ సాలెపురుగు వేలాడుతుంది.

మతం మాట: బూటు తుడవడానికీ కథ చెప్పడానికీ ఏ మతమూ అడ్డురాదు. కిటా చర్చి నడిపేదైతే ప్రార్థనలూ ఉండొచ్చు. ముందే అడిగి, వద్దనుకుంటే నేరుగా చెప్పండి, ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాలకి ఇంకో ముడి ఉంది: 1842లో అక్కడ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ అనే పాస్టరుని పంపింది అమెరికా సంఘమే అయినా, ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో.

జనవరి 6 చుట్టుపక్కల, పసి యేసుని చూడవచ్చిన ముగ్గురు రాజుల వేషంలో, కిరీటాలు పెట్టుకున్న పిల్లలు తలుపు కొడతారు. మన హరిదాసుల్లా పాట పాడి హుండీ చూపిస్తారు. వేసిన డబ్బు పేద దేశాల పిల్లలకి పోతుంది, చాక్లెట్లు మాత్రం వాళ్ళవే. కాసిని నాణేలు గుమ్మం దగ్గర ఉంచండి. మీరు సరేనంటే వెళ్తూ తలుపు పైన సుద్దతో 20 వేసి, సీ, ఎమ్, బీ, చివర ఆ సంవత్సరం ఆఖరి రెండంకెలు రాస్తారు. ఆ అక్షరాలు ముగ్గురు రాజుల పేర్లని కొందరంటారు, అసలు లాటిన్‌లో 'క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక' అని. ఎవరో గోడ పాడుచేశారని తడిగుడ్డతో తుడిచేసే కొత్తవాళ్ళున్నారు. వచ్చే జనవరి దాకా దాన్ని అలాగే ఉంచాలి.