అండమా, పుటికా?

సందేహం: చెన్నైకి సంతానలేమి వైద్యం కోసం నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే దంపతులకు తెలుగులో కరపత్రం రాస్తున్నాను. ‘స్కానింగులో అండం 18 మిల్లీమీటర్లు ఉంది’, ‘అండంలో జన్యువులు వ్యక్తీకరిస్తాయి’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: రెండూ మార్చాలమ్మా. మొదటిదాన్ని తప్పకుండా మార్చాలి.

పక్వమైన అండం వ్యాసం మిల్లీమీటరులో సుమారు పదో వంతే. స్కానింగులో 18 మిల్లీమీటర్లుగా కొలిచేది అండాన్ని పొదువుకొని ద్రవంతో నిండిన సంచిని. దానికి మన పాఠ్యపుస్తకాల్లో ‘పుటిక’ అనే చక్కని పేరుంది. ఈ తికమక చాలా పాతది. 1672లో డచ్చి వైద్యుడు రెనియర్ ద గ్రాఫ్ పుటికలను వర్ణించి, వాటినే అండాలనుకున్నారు. లోపలి అసలు అండాన్ని శాస్త్రవేత్త కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ 1827లో గాని చూపలేదు. ‘ఎనిమిది అండాలున్నాయి’ అని విన్న ఇల్లాలు, తీరా అండాలను బయటికి తీసినప్పుడు ఐదే దొరికితే తక్కినవి ఏమయ్యాయని కుమిలిపోతుంది. కనిపించినవి పుటికలని, ప్రతి పుటిక నుంచీ అండం దొరకకపోవచ్చని ముందే చదివి ఉంటే ఆమెకు ఆ వేదన కొంతైనా తప్పుతుంది. అందుకే ఈ మాట దగ్గర నేను పట్టు విడువను.

ఇక రెండో వాక్యం. జన్యువు వ్యక్తం కావడమంటే అందులోని సమాచారాన్ని కణం పనిలో పెట్టుకోవడం. వ్యక్తీకరించడం సకర్మక క్రియ. ‘జన్యువు వ్యక్తీకరిస్తుంది’ అంటే ‘దేనిని?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. వ్యక్తం చేసేది కణం, వ్యక్తమయ్యేది జన్యువు. ‘జన్యు వ్యక్తీకరణ’ అనే సమాసాన్ని మాత్రం నిక్షేపంగా వాడవచ్చు.

అన్నిటినీ ‘అండంలో’ అని ముడివేయడమూ సరికాదు. పుటికలో అండం చుట్టూ గ్రాన్యులోజా కణాలు, వాటికి వెలుపల థీకా కణాలు ఉంటాయి. అన్నిటిలో ఉన్నవి అవే జన్యువులైనా వ్యక్తమయ్యేవి వేరు. థీకా కణాలు ఆండ్రోజెన్లనే హార్మోన్లను తయారుచేస్తే, వాటిని ఈస్ట్రోజెన్లనే హార్మోన్లుగా మార్చే అరోమటేజ్ ఎంజైము జన్యువు గ్రాన్యులోజా కణాల్లో వ్యక్తమవుతుంది. ఆ గ్రాన్యులోజాలోనూ అండాన్ని అంటిపెట్టుకున్నవాటి తీరు ఒకటి, పుటిక గోడ వెంబడి ఉన్నవాటి తీరు మరొకటి. అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ (యాంటీ-ముల్లేరియన్ హార్మోను) పరీక్ష గురించి మీ పాఠకులు వినే ఉంటారు. ఆ హార్మోను ముఖ్యంగా ఎదిగే చిన్న పుటికల్లోని గ్రాన్యులోజా కణాల నుంచి వస్తుంది, అండం నుంచి కాదు. పుటిక పెద్దదయ్యేకొద్దీ ఆ హార్మోను జన్యువు వ్యక్తం కావడం తగ్గుతుంది.

‘పుటిక 18 మిల్లీమీటర్లు ఉంది’, ‘పుటికలో ఒక్కో రకం కణాల్లో వేర్వేరు జన్యువులు వ్యక్తమవుతాయి’ అని రాయండి. పుటిక అన్న మాట మొదటిసారి వచ్చినచోట ‘అండం ఉండే చిన్న సంచి’ అని చేర్చండి. గ్రాన్యులోజా, థీకాలను అలాగే ఉంచవచ్చు. మీ చుట్టూ తమిళంలో వినిపించే ‘కరుముట్టై’ కూడా అండమే, దాన్ని పుటికకు వాడకండి.