నలుగురితో నారాయణ అనకపోతే తప్పా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. జీతం 95 వేలు చేతికొస్తుంది. అద్దె 18 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) 25 వేలు. మా అపార్ట్‌మెంట్‌లోనే 75 లక్షలకు ఫ్లాట్ అమ్మకానికి ఉంది, కొనమని బంధువులంతా పోరుతున్నారు. నాకు ఇష్టం లేదు. ఆర్నెల్ల క్రితం అందరూ అమ్ముకుంటున్న ఓ చిన్న కంపెనీ షేరులో ధైర్యంచేసి 4 లక్షలు పెట్టాను, సగమైంది. ఎదురెళ్లడమే నా తప్పంటారా?

జవాబు: ఫ్లాట్ విషయంలో కాదు. షేరు విషయంలో మాత్రం పొరపాటే.

15 లక్షలు చేతి నుంచి పెట్టి, 60 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 52 వేలు. మీ అద్దె ఏడాదికి 2.16 లక్షలు, అంటే ఫ్లాట్ ధరలో 3 శాతం కూడా లేదు. ధర పెరగొచ్చు, అద్దె ఎలాగూ పెరుగుతుంది. కానీ ప్రైవేటు ఉద్యోగంలో జీతం సగానికి పైగా వాయిదాకే పోతే, ఒక్క నెల జీతం ఆలస్యమైనా ఇల్లంతా అల్లాడిపోతుంది.

గృహప్రవేశం భోజనాల్లో ఇంకా పప్పు వడ్డించకముందే "ఇంకా అద్దె ఇంట్లోనేనా?" అంటారు. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఉన్నపళాన ఖాళీ చేయమంటే పిల్లల్ని, సామాన్లని వేసుకుని వీధి వీధీ తిరిగిన తరం అది. వాళ్ల భయం నిజమైనదే, మీ లెక్కా నిజమైనదే. ఒక్కటి అడుగుతాను: వాయిదాకి, అద్దెకి తేడా 34 వేలు, సిప్ 25 వేలే. మిగతా 9 వేలు ఎటు పోతున్నాయి? అవీ మదుపులోకి వెళ్తేనే అద్దె ఇల్లు మీకు లాభం.

ఇక షేరు. కొన్నందుకు మీరు రాసిన కారణం ఒక్కటే, అందరూ అమ్ముతున్నారని. కంపెనీ అప్పుల గురించి, లాభం గురించి ఒక్క ముక్క లేదు. యెస్ బ్యాంక్ షేరు 2018 ఆగస్టులో 400 రూపాయల దాకా వెళ్లింది. పడుతున్నకొద్దీ 200లో, 100లో "ఇంత చవగ్గా మళ్లీ దొరకదు" అని కొన్నవాళ్లున్నారు. 2020 మార్చి 5న ఆ బ్యాంకుపై మారటోరియం పెట్టారు, అంటే ఖాతాల్లోంచి డబ్బు తీసుకోవడానికి పరిమితి విధించారు. ఆ తర్వాత, 100కు మించి షేర్లున్నవాళ్లు వాటిలో 75 శాతాన్ని మూడేళ్లు అమ్ముకోలేకపోయారు.

అదే 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడి 25,981కి దిగింది. ఆ సాయంత్రం నాకు వచ్చిన ఫోన్లన్నీ "సిప్ ఆపేద్దామా?" అనే. ఇండెక్స్ ఫండ్‌లో సిప్ ఆపనివాళ్లు కూడా ఎదురెళ్లినట్టే. అయితే వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క కంపెనీ కాదు, దేశంలోని పెద్ద కంపెనీలన్నీ. 2021 జనవరికి సెన్సెక్స్ 50 వేలు తాకింది. ఆపకుండా నిలబడగలిగినవాళ్లలో ఎక్కువమందికి ఆరు నెలల ఖర్చులు ఎఫ్‌డీలో ఉన్నాయి, అందుకే నిలబడగలిగారు. మీ ఉత్తరంలో ఆ ఎఫ్‌డీ ఊసు లేదు.

షేరు కొన్న ధర మర్చిపోండి. మిగిలిన 2 లక్షలు ఈరోజు నగదుగా ఉంటే ఇదే షేరు కొంటారా? కొనడానికి కంపెనీ లెక్కల్లోంచి మూడు కారణాలు కాగితం మీద రాయలేకపోతే, ఈ వారమే అమ్మేసి ఎఫ్‌డీ చేయండి. ఆ 9 వేలూ ఆరు నెలల ఖర్చులకు సరిపడే వరకు నెలనెలా అందులోకే పంపండి, తర్వాత సిప్‌లో కలపండి.