కిడ్ అనండి, చైల్డ్ అనండి, పిల్లల్ని వార్డ్ మాత్రం అనొద్దు

"మా అన్న అమెరికాలో ఉంటాడు. తన పిల్లలను కిడ్స్ అంటాడు. కిడ్ అంటే మేకపిల్ల కదా, కన్నబిడ్డలను అలా అనొచ్చా? చైల్డ్ అనడమే మర్యాద కాదా?" అని ఒకరు అడిగారు.

నిక్షేపంగా అనొచ్చు. మేకపిల్లలో పిల్ల లేదా? కోడిపిల్ల, కుక్కపిల్ల, ఆడపిల్ల అని ఒకే మాటను పశువులకూ పక్షులకూ మన బిడ్డలకూ వాడుకుంటున్నాం, ఎవరికీ తప్పనిపించలేదు. మా చిత్తూరు వైపైతే పిలకాయలంటాం. కిడ్ మొదట మేకపిల్లే, నిజమే. కానీ కొన్ని వందల ఏళ్లుగా ఇంగ్లీషువాళ్లు పిల్లలకూ అదే వాడుతున్నారు. వాళ్ల ఇళ్లల్లో తల్లి నోట చనువుగా వచ్చే మాట అది. చైల్డ్ కాస్త కాగితం మాట, డాక్టరో కోర్టువాళ్లో రాసేటప్పుడు బాగుంటుంది. మీ అన్నను ఏమీ అనకండి.

బిడ్డను మన నుంచి దూరం చేసే మాట ఇంకొకటి ఉంది. మన స్కూళ్లు వాడే 'వార్డ్'. ఆ మాటతో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. షిఫ్టులో ఉన్నంతసేపూ ఫోను లాకర్లో పెట్టేయాలి. అప్పుడు నా భార్య రెండో కాన్పుకని మదనపల్లెలో పుట్టింట్లో ఉంది. తిరుపతిలో, కొర్లగుంట ఇంట్లో మా అమ్మ, మూడో తరగతి చదివే మావాడు, ఇద్దరే. వాడికి జ్వరమొచ్చి నాలుగు రోజులు బడికి పోలేదు. అయిదో రోజు పోయి, సాయంత్రం ఒక స్లిప్పు తెచ్చి నాయనమ్మ చేతికిచ్చి ఆడుకోను పోయాడు.

అరచేయంత కాగితం. మీ వార్డ్ హాజరు విషయమై రేపు ఉదయం పది గంటలకు క్లాస్ టీచర్ని కలవండి అని ఇంగ్లీషులో రెండు వరుసలు అచ్చేసి ఉంది. పిల్లోడి పేరు లేదు, రోల్ నంబరు మాత్రం పెన్నుతో వేశారు. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. ఆమెకు అందులో తెలిసిన మాట వార్డ్ ఒక్కటే. వార్డంటే ఆమెకు వార్డు సచివాలయం. సచివాలయమంటే ఆమె పింఛను. మా నాన్న పోయినప్పటి నుంచి ఆ పింఛను డబ్బులొక్కటే ఆమె ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టుకునేది.

రాత్రంతా నిద్రపోలేదంట. పొద్దున్నే మావాడిని ఆటో ఎక్కించి, బీరువాలో ఉన్న కాగితాలన్నీ తీసింది. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, పింఛను కార్డు, నాన్న మరణ ధ్రువీకరణ పత్రం, రెండు ఫొటోలు. అన్నీ తిరుమల లడ్డూల కవర్లో పెట్టుకుని, స్లిప్పును నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని సచివాలయానికి పోయింది. అక్కడ పదకొండున్నర దాకా లైన్లో నిలబడింది.

అక్కడి అమ్మాయి మంచిది. కాగితం చూసి, "అవ్వా, ఇది మా కాడ్ది కాదు. మీ మనవడి స్కూలోళ్లు రాసినారు. వార్డంటే మీ మనవడే" అని చెప్పిందంట. దానికి మా అమ్మ, "మా పిలకాయికి పేరుంది గదమ్మా. పేరు రాయకుండా వార్డని ఎందుకు రాసినారు?" అని అడిగిందంట. ఆ ప్రశ్నకు నాకు ఈ రోజుకీ సరైన జవాబు దొరకలేదు.

ఆమె స్కూలుకు చేరేసరికి పన్నెండు దాటింది. చెప్పిన టైముకు ఎవరూ రాలేదని మావాడిని క్లాసు బయట నిలబెట్టి ఉన్నారు. జ్వరం తగ్గి ఒక్క రోజైంది వాడికి. మా అమ్మ వాడిని ఎత్తుకుని ఇంటికి తెచ్చేసింది, ఎనిమిదేళ్ల వాడిని. రాత్రి షిఫ్టు దిగి ఫోను చేస్తే ఇదంతా చెప్పి, "నాకు చదువు రాక పిల్లోడికి శిక్ష పడింది రా" అని ఏడ్చింది. ఆమెకు చదువు రాక కాదు. రాసినవాళ్లకు మాట్లాడటం రాక.

నిజానికి వార్డ్ చట్టంలో మాట. బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1890లో వచ్చిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అక్కడ వార్డ్ అంటే గార్డియన్ సంరక్షణలో ఉన్న మైనరు. కోర్టులో ఆ మాటకు పనుంది. కన్నతల్లికి రాసే చీటీలో ఏం పని? ఇంగ్లండులో, అమెరికాలో స్కూలు నుంచి ఉత్తరం వస్తే యువర్ చైల్డ్ అని ఉంటుంది. సొంత భాషవాళ్లే తేలిక మాట రాస్తుంటే, అరువు తెచ్చుకున్న మనం బరువు మాట మోస్తున్నాం.

'ఇష్యూ' కూడా అంతే. ఫారాల్లో "ఇష్యూస్ ఎన్ని" అని అడుగుతారు. అదీ కోర్టు ఇంగ్లీషే, సంతానమని అర్థం. మాకు ఇష్యూ అంటే తగాదా. మా పెద్దమ్మ కొడుకు ఒక ఫారంలో ఆ గడి దగ్గర "ఏమీ లేవు" అని రాశాడు. ఇద్దరు ఆడపిల్లలున్నారు వాడికి. ఆ గడి దిద్దించడానికి మూడుసార్లు తిరిగాడు.

పోనీ పిల్లలంటే ఎవరో లెక్కైనా ఒకటేనా అంటే అదీ లేదు. రైల్లో అయిదేళ్ల లోపు వాళ్లకు బెర్తు అడక్కపోతే టికెట్టే లేదు, తర్వాత పన్నెండు నిండేదాకా చైల్డ్. విమానంలో రెండేళ్లు నిండేదాకా ఇన్‌ఫాంట్. ఆ మాటకు లాటిన్లో మూలార్థం మాట్లాడలేని వాడని. నడక నేర్చి తప్పటడుగులు వేస్తుంటే టాడ్లర్. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టంలో పద్దెనిమిది నిండేదాకా చైల్డే. తిరుమలలో ఏడాది లోపు బిడ్డతో పోతే సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనానికి పంపిస్తారు. రెండో బిడ్డతో మేమూ అలాగే పోయాం. క్యూలో అందరూ చంటిబిడ్డ అనే అంటున్నారు. ఆ మాట మా అమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వారం సెలవు పెట్టి క్లాస్ టీచర్ని కలిశాను. చిన్న వయసు అమ్మాయి, జరిగింది విని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫార్మాట్ పైనుంచి వస్తుందండీ, మేం మార్చలేం అంది. అచ్చు మార్చొద్దు, పక్కన పిల్లోడి పేరు తెలుగులో రాయండి చాలన్నాను.

మొన్న మళ్లీ స్లిప్పు వచ్చింది. అచ్చులో అదే వార్డ్. దాని పక్కన నీలం పెన్నుతో గుండ్రటి తెలుగు అక్షరాల్లో మావాడి పేరు, కింద "రేపు 10 గంటలకు రండి" అని ఉంది. మా అమ్మ తొమ్మిదిన్నరకే స్కూలు గేటు దగ్గరుంది.