‘కొంచెం’ అన్న మాటకు ఇంగ్లీషు

హైదరాబాద్

యువమిత్రులకు,

మీ కథకు మీరే చేసుకున్న ఇంగ్లీషు అనువాదం చదివాను. బాగుంది, తడబడిన చోట్లలో మాత్రం చాలా వరకు కారణం ఒకటే. తెలుగులో ‘కొంచెం’, ‘రవ్వంత’, ‘ఇసుమంత’ అని ఉన్నప్పుడల్లా మీరు నిఘంటువు తెరిచి, అక్కడ కనబడిన వాటిలో ముచ్చటైన మాటను ఏరుకున్నారు.

మూడో పేజీలో ఇల్లాలు చుట్టంతో, ‘కూర్చోండి, కొంచెం పాలున్నాయి, టీ పెడతాను’ అంటుంది. మీరు ‘లిటిల్ మిల్క్’ అన్నారు. ముందు ‘ఎ’ లేని ‘లిటిల్’ లేమిని చెబుతుంది, పాలు ఉన్నా లేనట్టే అని. ‘ఎ లిటిల్’ అంటేనే కాసిని ఉన్నాయని. మీ ఇంగ్లీషు విన్న చుట్టం లేచి చెప్పులు తొడుక్కుంటాడు. లెక్కపెట్టగలిగే వాటి విషయంలో ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ల సంగతీ ఇంతే. నా తొలి అనువాదంలో నేనూ ఈ ‘ఎ’ను మింగేశాను, అచ్చయ్యాక గాని చూసుకోలేదు.

ఇక మీకు బాగా నచ్చినట్టున్న ‘అయోటా’. అది గ్రీకు లిపిలో అతి చిన్న అక్షరం. ‘జాట్’ అన్న మాటా దాన్నుంచే వచ్చింది. మత్తయి సువార్త 5వ అధ్యాయం 18వ వచనంలో 1611 నాటి ఇంగ్లీషు అనువాదం ‘జాట్’, ‘టిటిల్’ అంటే, తెలుగు బైబిలు ‘పొల్లు’, ‘సున్న’ అంది. గ్రీకు అక్షరాన్ని అలాగే మోసుకురాకుండా, మన పలక మీది గీతనూ సున్ననూ తెచ్చిపెట్టిన ఆ అనువాదకుల తెలివిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. అయితే ‘అయోటా’ సాధారణంగా ‘లేదు’తోనే పొసుగుతుంది, ‘రవ్వంత’ అనే అర్థమున్న ‘విట్’, ‘ష్రెడ్’ కూడా ఎక్కువగా అంతే. ‘ఇసుమంతైనా జాలి లేదు’ అంటాం గాని ‘ఇసుమంతైనా జాలి ఉంది’ అనం కదా? మీ నాయకుడికి ‘అయోటా’ ఆశ ఉందన్నప్పుడు జరిగింది అదే. అక్కడ ‘ఎ లిటిల్ హోప్’ చాలు.

వంటింటి మాటలకు చేతి కొలత ఉంటుంది. ‘పించ్’ రెండు వేళ్ల మధ్య పట్టే పొడి, అచ్చంగా మన చిటికెడు. ‘డాష్’ సీసాలోంచి ఒక్క విదిలింపు, కాబట్టి అది ఉప్పు కంటే వెనిగరుకు నప్పుతుంది. అమెరికాలో ఈ పేర్లతో బుల్లి చెంచాలే అమ్ముతారు, వాటిలో ‘పించ్’ టీస్పూనులో 1/16 వంతు. మన పాత లెక్కల్లో వీసమూ 1/16 వంతే కావడం కాకతాళీయమే అయినా నాకు సరదాగా అనిపించింది. ‘స్మిడ్జెన్’ అన్నా రవ్వంతే, కాని అది చనువుగా మాట్లాడుకునేటప్పటి మాట, మీరు దాన్ని జడ్జిగారి నోట పెట్టారు. కోర్టులో ‘సింటిలా’ అనండి, లాటిన్‌లో నిప్పురవ్వ అని అర్థం, మన ‘రవ్వంత’కు దగ్గరి చుట్టం.

పన్నెండో పేజీలో ఆటో డ్రైవరు ‘జర ఆగు సార్’ అన్నాడు. ఉర్దూ ‘జరా’కు మూలం రేణువు అనే అర్థమున్న అరబ్బీ పదమే అయినా, అబిడ్స్‌లో ఆ మాట అనేవాడు దేన్నీ కొలవడం లేదు, బతిమాలుతున్నాడు. మీ ‘వెయిట్ ఎ లిటిల్’లో ‘ఎ’ ఉండి కూడా ఆ బతిమాలడం లేదు. ‘ప్లీజ్’ పెట్టి చూడండి; అదీ కుదరకపోతే ‘జర’నే ఉంచేయండి.