గంటలు తగ్గిస్తే ఇన్సూరెన్స్ పోతుందా?

ప్రశ్న: టెక్సస్‌లో ఒక పెద్ద స్టోర్‌లో రెండేళ్లుగా వారానికి 34 గంటలు పనిచేస్తున్నాను. నేనూ మా పాపా నా ఇన్సూరెన్స్ మీదే ఉన్నాం. పాపకి ఆస్తమా, ఇన్‌హేలర్ లేకుండా రోజు గడవదు. మా ఆయన కంపెనీలోనూ ఇన్సూరెన్స్ ఉంది గానీ ప్రీమియం చాలా ఎక్కువ. పోయిన వారం బ్రేక్ రూమ్ గోడ మీద పెట్టిన షెడ్యూల్ చూస్తే నా పేరు పక్కన 28 గంటలే ఉన్నాయి. అడిగితే మేనేజర్, "30 దాటితే ఇన్సూరెన్స్ ఇవ్వాలి కదా, అందుకే పైనుంచి తగ్గించమన్నారు, ఫుల్‌టైమ్ అంటే 40 గంటలని చట్టం మారిస్తే నీ గంటలు నీకొచ్చేస్తాయి" అన్నాడు. నిజమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ మేనేజర్ చెప్పినదాంట్లో సగమే నిజం అమ్మా. చట్టం అలా మారితే మీ గంటలు మీకు రావచ్చు, కానీ మీకు ఇన్సూరెన్స్ ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం కంపెనీకి ఉండదు, ఎందుకంటే 34 అనేది 40 కంటే తక్కువే కదా. ఆ ముక్క ఆయన చెప్పలేదు.

2010లో వచ్చిన ఒబామాకేర్ చట్టం ప్రకారం 50 మంది, అంతకుమించి ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న కంపెనీ వాళ్లకి ఇన్సూరెన్స్ ఆఫర్ చేయాలి, లేకపోతే పెనాల్టీ కట్టాల్సి రావచ్చు. ఫుల్‌టైమ్ అంటే వారానికి 30 గంటలు, లేదా నెలకి 130. దీన్ని 40కి పెంచాలని అమెరికా ప్రతినిధుల సభ 2014లో ఒకసారి, 2015 జనవరిలో మరోసారి బిల్లు పాస్ చేసింది, అది చట్టం కాలేదు. "30 పెట్టబట్టే కంపెనీలు జనాన్ని 29 దగ్గర ఆపేస్తున్నాయి" అన్నది బిల్లు పెట్టినవాళ్ల వాదన. మీ షెడ్యూల్ చూస్తే అది ఉత్త మాట కాదని తెలుస్తూనే ఉంది.

అయితే గీత 40 దగ్గరికి జరిపితే ఏమవుతుందో చూడండి. ఇప్పుడు 40 చేసేవాణ్ని ఇన్సూరెన్స్ తప్పించుకోవడానికి 29కి దించాలంటే కంపెనీ వారానికి 11 గంటల పని వదులుకోవాలి, మరొకర్ని పెట్టుకోవాలి, అంత తేలిక కాదు. అదే గీత 40 అయితే ఒక్క గంట కోసి 39 చేస్తే చాలు. పైగా అమెరికాలో 30, 34 గంటలు చేసేవాళ్లకంటే సరిగ్గా 40 చేసేవాళ్లే చాలా ఎక్కువ. ఆ మార్పు వస్తే సుమారు 10 లక్షల మందికి కంపెనీ ఇన్సూరెన్స్ పోతుందని పార్లమెంటుకి లెక్కలు కట్టిచ్చే సీబీఓ అప్పట్లోనే చెప్పింది. అందుకే నా మటుకు నేను ఆ మార్పు రాకూడదనే కోరుకుంటాను. మీలాంటివాళ్ల బాధ తెలిసీ ఈ మాట అంటున్నాను.

ఇక మీ సంగతి. షెడ్యూల్లో 28 పడగానే ఇన్సూరెన్స్ పోయినట్టు కాదు. చాలా పెద్ద కంపెనీలు 3 నుంచి 12 నెలల గంటల సగటు చూసి, 30, అంతకుమించి ఉంటే ఆ తర్వాతి కొన్ని నెలలు, మామూలుగా ఒక ఏడాది, ఫుల్‌టైమ్ కిందే లెక్కేస్తాయి. ఆ గడువులో గంటలు తగ్గినా ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ హోదా ఉంటుంది. ఇలా సగటు చూసే పద్ధతిని లుక్‌బ్యాక్ అనీ, ఈ గడువుని స్టెబిలిటీ పీరియడ్ అనీ అంటారు. హెచ్‌ఆర్‌కి ఈ రోజే ఈమెయిల్ పెట్టండి: "మన కంపెనీ లుక్‌బ్యాక్ పద్ధతి వాడుతుందా, నా స్టెబిలిటీ పీరియడ్ ఎప్పటిదాకా?" నోటిమాటగా అడగొద్దు, జవాబు రాతలో ఉండాలి.

నెలనెలా లెక్కేసే కంపెనీ అయితే త్వరగానే పోవచ్చు. అలా పోతే మీ ఆయన ప్లాన్‌లో చేరడానికి 30 రోజులు, ఒబామాకేర్ కింద సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనడానికి 60 రోజులు టైముంటుంది. కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్‌నే 18 నెలలు కొనసాగించొచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిపైన 2 శాతం మీరే కట్టాలి. పాప మందు ఒక్క నెల కూడా ఆగకూడదు కాబట్టి ముందుగా ఆ 30 రోజుల తేదీ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ఇంకోటి, ఆ షెడ్యూల్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, మేనేజర్ అన్న మాట తేదీతో సహా రాసుకోండి. బెనిఫిట్ దక్కకుండా చేయాలనే ఉద్దేశంతోనే గంటలు కోస్తే ఉద్యోగుల బెనిఫిట్లని కాపాడే ఎరిసా చట్టం 510వ సెక్షన్ కింద కేసు వేయొచ్చు. సరిగ్గా ఇలాంటి కేసునే కొట్టేయమని 2016లో ఒక కంపెనీ అడిగితే న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు. మీ కేసు నిలుస్తుందో లేదో లాయరే చెప్పాలి. ఆ మాట మాత్రం మేనేజర్ తన నోటితోనే అన్నాడు కదా!

ప్రశ్న: మా రెస్టారెంట్‌లో ఫుల్‌టైమ్ 40 మందే, మిగతా 20 మంది పార్ట్‌టైమ్. మాకీ రూల్ వర్తించదు కదా?

జవాబు: వర్తించవచ్చండి. ఆ 50 మంది లెక్కలో పార్ట్‌టైమ్ వాళ్ల గంటలూ కలుస్తాయి. పార్ట్‌టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కలిపి 120తో భాగించాలి. ఒక్కొక్కరు నెలకి 60 గంటలు చేస్తే 20 మందికి 1,200 గంటలు, అంటే 10 మంది ఫుల్‌టైమ్ కింద లెక్క. 40కి కలిపితే సరిగ్గా 50. పోయిన ఏడాది పన్నెండు నెలల సగటు ఇలా వస్తే ఈ ఏడాది మీరు రూల్ కిందికి వచ్చినట్టే. ఇన్సూరెన్స్ ఇవ్వాల్సింది మాత్రం ఆ 40 మందికే. పేరోల్ చూసేవాళ్లతో ఈ లెక్క ఇప్పుడే వేయించండి.