బ్యాటరీ దీపం వెలిగితే డైనమో మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది పదేళ్ల నాటి పెట్రోలు కారు. మేడారం నుంచి తిరిగి వస్తుంటే ములుగు దాటాక డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగింది. ఊరు చేరేలోపే హెడ్‌లైట్లు మసకబారాయి. మెకానిక్ చూసి డైనమో పోయిందన్నారు. ఆన్‌లైన్‌లో ఆల్టర్నేటర్ తెప్పించి ఇంట్లోనే బిగించుకోవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బిగించుకోవచ్చు. అయితే ముందు తెప్పించాల్సింది ఆల్టర్నేటర్ కాదు, వోల్టులు కొలిచే మల్టీమీటర్. షెడ్లలో డైనమో అనేది ఈ ఆల్టర్నేటర్‌నే. బెల్టుతో తిరిగి ఏసీ కరెంటు పుట్టిస్తుంది, లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, రెగ్యులేటర్ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది. వీటిలో ఏది చెడినా, చివరికి బయట ఒక తీగ ఊడినా, వినిపించే తీర్పు ఒకటే: డైనమో పోయింది.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. మీ మీటర్ 12 దగ్గరే ఉండి నెమ్మదిగా దిగుతుంటే ఛార్జింగ్ లేనట్టే. అప్పుడు ఇంజిన్ ఆపి బెల్టు వదులైందేమో, ఆల్టర్నేటర్ వెనుక తీగల ప్లగ్గు ఊడిందేమో, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుందేమో చూడండి. ఆ పొడిని వేడినీళ్లు, వంటసోడాతో కడిగేయవచ్చు. ఇవన్నీ బాగుంటే మీటర్‌ను ఏసీ వైపు తిప్పి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాటితే డయోడ్ మీద అనుమానపడాలి. అలాంటి డయోడ్ ఆగి ఉన్న బండిలో కూడా రాత్రికి రాత్రే బ్యాటరీని తాగేయగలదు.

మీ విషయంలో నా అనుమానం కార్బన్ల మీద, అంటే ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే బ్రష్షుల మీద. పదేళ్లకు అవి అరగడం మామూలే, దానికి జాతర దారి దుమ్ము తోడైంది. చాలా మోడళ్లలో కార్బన్లు, రెగ్యులేటర్ విడిగా దొరుకుతాయి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విప్పించి చూస్తే, మొత్తం యూనిట్ కొనే ఖర్చు మిగలవచ్చు.

ఒక పాత పరీక్ష గురించి హెచ్చరించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అంటారు. అది కార్బ్యురేటర్ బళ్ల కాలపు ముచ్చట. ఇప్పుడు అలా పీకితే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరే కాలిపోవచ్చు.

మార్చక తప్పదని తేలితే, ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు తీగకు తాళంచెవి తీసినా కరెంటు ఉంటుంది. నేనొకసారి ఈ మాట మరిచి పానా పెట్టాను. దాని రెండో కొన బాడీకి తగిలి చిటపటమంది. ఆ పానా అంచున నల్లటి గుంట ఇప్పటికీ అలాగే ఉంది, ఆ రోజు వేలికి ఉంగరం లేకపోవడం నా అదృష్టం. బెల్టు తీసే ముందు అది ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోనుతో ఫొటో తీసుకోండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పుల్లీ మీది గాడులు, ప్లగ్గు పిన్నులు, ఆంపియర్లు సరిచూశాకే బిగించండి. బ్యాటరీని బయటి ఛార్జర్‌తో నిండా ఎక్కించాకే ఇంజిన్ తిప్పండి. అడుగంటిన బ్యాటరీని నింపే పని మొదటి రోజే కొత్త ఆల్టర్నేటర్ మీద పెడితే అది వేడెక్కిపోతుంది.

ఆల్టర్నేటర్ పైనుంచి చేతికి అందితే ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. కారు కింద దూరాల్సి వస్తే మాత్రం, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని దూరకండి. మీకు స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలేయండి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ కార్లున్నవారు ఈ జోలికే వెళ్లవద్దు. వాటిలో సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను మళ్లీ తిప్పేది కూడా ఆల్టర్నేటర్ స్థానంలో ఉండే యంత్రమే.

ప్రశ్న: డ్యాష్‌క్యామ్ పెట్టించాక రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తిరగడం లేదు. ఇదీ డైనమో సమస్యేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాకపోవచ్చు. కెమెరా పార్కింగ్ మోడ్‌లో రాత్రింబవళ్లు కరెంటు లాగుతూ ఉండి ఉంటుంది. రెండు రోజులు ఆ మోడ్ ఆపి చూడండి. సెల్ఫ్ తిరిగితే దొంగ దొరికినట్టే. పార్కింగ్ మోడ్ కావాలనుకుంటే, కెమెరాకు తక్కువ వోల్టేజీ దగ్గర తనంతట తాను ఆగే వైరింగ్ కిట్ పెట్టించి, 12.2 వోల్టులకు సెట్ చేయించండి. అప్పటికీ మొరాయిస్తే బ్యాటరీ వయసు అడగాలి. మీ వైపు ఎండలకు నాలుగు వేసవులు గట్టెక్కిన బ్యాటరీని నేను పెద్దగా నమ్మను.